నేలపట్టు కట్ట మీద తాత

నేలపట్టు తాత పోయాడని ఫోన్ వచ్చింది. చేసింది ఆయన పెద్దకొడుకు. "నాయన పోయినాడన్నా. నీకు చెప్పమని అమ్మ ఒకటే పోరు పెడతా ఉంది" అన్నాడు. నేనేమో హైదరాబాద్‌లో ఉన్నా. ఆ రాత్రికి రైల్లో సీటు దొరకలేదు, బస్సులు నిండిపోయాయి, చివరిచూపు దక్కలేదు. పెద్దకర్మకు మాత్రం ముందురోజే వెళ్లిపోయా.

భోజనాలయ్యాక అందరూ వేపచెట్టు కింద చాపలు పరుచుకుని కూర్చుంటే, నేను చెప్పులు వేసుకుని చెరువు వైపు నడిచా. కట్ట ఇంకా కనిపించకముందే వాసన తగిలింది. పచ్చి చేప, పక్షుల రెట్ట, నానిన ఆకు, బురద, అన్నీ కలిసిన వాసన. కొత్తగా వచ్చినవాళ్లు కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు. నాకైతే ఆ వాసన వెనకాలే మా మామ పాత స్వెట్టరు, ఫ్లాస్కులో అడుగంటిన కాఫీ, తాత బీడీ పొగ వరసగా వచ్చేశాయి. అక్కడే కట్ట వాలున కూర్చుండిపోయా. ఇదంతా ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోవాలని అప్పుడే అనిపించింది.

తాత నాకు చుట్టం కాదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో వాచర్. నాకు ఊహ తెలిసేనాటికే ఆయన జుట్టు నెరిసిపోయింది, అందుకే అందరికీ తాతే. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, నేలపట్టు ఉండేది దొరవారిసత్రం మండలంలో, నాయుడుపేటకీ సూళ్లూరుపేటకీ నడుమ. మా చిన్నప్పుడు నెల్లూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం దాదాపు 459 హెక్టార్లు. కొంత చెరువు, మిగతాదంతా చిట్టడివి. చెరువు మధ్యలో, నీళ్లలోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి. గూళ్లన్నీ వాటి మీదే. మొదలు నెలల తరబడి నీళ్లలో మునిగి ఉన్నా చావని చెట్టు అది.

*

మా అమ్మ తమ్ముడికి నాయుడుపేటలో ఫొటో స్టూడియో ఉండేది. మామకు కూడు పెట్టింది పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. మనసు మాత్రం పక్షుల మీద. ధనుర్మాసం పెట్టిందంటే ముహూర్తాలు ఉండవు, స్టూడియోలో కూర్చుని ఈగలు తోలుకోవడమే. మిగతా స్టూడియోల వాళ్లు ఆ నెల దిగాలు పడిపోయేవాళ్లు, మామ మాత్రం ఆ నెల కోసమే ఏడాదంతా ఎదురు చూసేవాడు. ఎందుకంటే నేలపట్టులో గూళ్లు కళకళలాడేది సరిగ్గా అప్పుడే.

మా వైపు వానల లెక్క వేరు. రాష్ట్రంలో చాలాచోట్ల జూన్ నుంచి పడే వానలతో చెరువులు నిండితే, మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలే దిక్కు, వాయుగుండాలే దిక్కు. రేడియోలో తుఫాను వార్త చెప్పగానే ఊరంతా భయపడుతుంటే మామ ముఖంలో ఒక ఆశ కనపడేది. చెరువు నిండితే పక్షులు దిగుతాయి. కార్తీకానికి పుల్లలు ఏరుకుంటూ ఉంటాయి, ధనుర్మాసానికి గూళ్లలో పిల్లల తలలు కనపడతాయి, సంక్రాంతికి నాకు సెలవులు. ఇన్నీ కలిసొచ్చిన నెల అది.

తెల్లారకముందే లేవాలి. అమ్మ చద్దన్నంలో ముందురోజు చేపల పులుసు కలిపి టిఫిన్‌లో పెట్టేది. మామ ట్రైపాడ్‌ని పాత పంచెలో చుట్టి భుజానికి తగిలించుకునేవాడు, కెమెరా బ్యాగు ఒళ్లోంచి దించేవాడు కాదు. జీఎన్‌టీ రోడ్డు మీద మద్రాసు వెళ్లే మొదటి బస్సు పట్టుకుని దొరవారిసత్రం దగ్గర దిగి, అక్కడి నుంచి నడక. మంచు పొలాల మీద ఇంకా లేవకుండా ఉండేది. రైలు పట్టాలు దాటేటప్పుడు గూడూరు వైపు నుంచి వచ్చే గూడ్సు కోసం ఆగిపోవాల్సి వస్తే మామకు ఎక్కడలేని టెన్షన్. సూర్యుడు చెట్ల పైకి వచ్చాక ఫొటో చచ్చిపోతుందని ఆయన నమ్మకం. ఇప్పుడు కెమెరా పట్టుకున్న ప్రతివాళ్లూ ఆ మాటే అంటారు గానీ, మాకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు, రీళ్లు పాడయ్యాకే తెలిసింది.

కట్ట మీద తాత మాకోసం కనిపెట్టుకుని ఉండేవాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, చేతిలో చింతబరికె. "రాండి, రాండి. రాత్రి చింతవక్కలు ఒకటే గోల, నిద్ర లేదబ్బయ్యా" అనేవాడు. చింతవక్కలంటే రాత్రిపూట మేతకు పోయే కొంగలు, ఇంగ్లీషులో నైట్ హెరాన్లు. నన్ను ఆయన ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. నాకు నలభై దాటాక కూడా అబ్బయ్యానే.

*

తాత పక్షుల్ని కళ్లతో కన్నా చెవులతో ఎక్కువ చూసేవాడు. ఇది అతిశయోక్తి కాదు. కట్ట మీద చెట్లకు వీపు పెట్టి, బీడీ ముట్టించుకుంటూ, అటు తిరక్కుండానే చెప్పేవాడు: "పెద్ద గుంపులోకి మొగుడొచ్చినాడు, పుల్ల తెచ్చినాడు". తిరిగి చూస్తే నిజంగానే ఒక నత్తగుల్ల కొంగ కొత్తగా వాలి, ముక్కున పుల్ల పట్టుకుని ఉండేది.

పెరిగిన కొంగలకు గొంతు దాదాపు లేనట్టే. అవి మాట్లాడుకునేది ముక్కుల చప్పుడుతో. జోడీలో ఒకటి గూటికి తిరిగి రాగానే రెండూ తలలు ఎగరేసి, వంచి, ముక్కులు టకటకా కొట్టుకుంటాయి. ఎండిన వెదురు ముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే వచ్చే చప్పుడు అది. పిల్లలు మాత్రం అలా కాదు. పొద్దున లేస్తే ఆకలి, సాయంత్రం దాకా ఆకలి, ఆ అరుపులు వేల గొంతుల్లోంచి ఒకేసారి వస్తుంటే కొత్తవాళ్లకు తలనొప్పి వచ్చేస్తుంది. తాత దృష్టిలో ఆ గోల మంచిది. "గోల ఉండేంత వరకు బాగున్నట్టు. ఒక్కసారిగా ఆగిందనుకో, పైకి చూడు, గద్ద ఉంటది." ఆ మాట విన్నాక నేను చాలాసార్లు చెట్ల వైపు కాకుండా ఆకాశం వైపు చూసి ఫొటోలు తీశా.

గూడబాతులు, అదే పెలికాన్లు, పెద్దవి అరవవు. ఎగిరేటప్పుడు రెక్కల గాలి మాత్రం వినపడుతుంది. పొద్దున్నే గుంపులు గుంపులుగా తూర్పుకు, పులికాట్ వైపు వెళ్లిపోయి చేపలతో తిరిగొచ్చేవి. చింతవక్కలది రాత్రి డ్యూటీ. మిగతావి గూటికి చేరే వేళకు అవి బయల్దేరతాయి, తల మీదుగా ఒక్కొక్కటే "వక్" అంటూ పోతుంటాయి. ఆ వేళకు మేం ట్రైపాడ్ మడిచి, చివరి బస్సు కోసం సత్రం వైపు పరుగు.

*

ఒక నత్త సంగతి చెప్పాలి. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుంది, మూసినా పూర్తిగా మూసుకోదు. ఆ సందులో నత్తను పెట్టి పగలగొడుతుందని అందరూ అనుకుంటారు. నేనూ చిన్నప్పుడు అదే అనుకున్నా. ఒకరోజు తాత నన్ను కట్ట దిగువన మడుల అంచుకు తీసుకెళ్లి, తుమ్మపొద వెనక కూర్చోబెట్టి, "కదలబాక" అన్నాడు. పది గజాల్లో ఒక కొంగ. మోకాలి లోతు నీళ్లలో మెల్లగా అడుగు వేస్తూ, ముక్కు బురదలో గుచ్చుతూ తీస్తూ వస్తోంది. నత్త దొరికింది. పైకి కూడా తీయలేదు, నీళ్లలోనే గుల్లను పైముక్కుతో నేలకు అదిమిపట్టి, కింది ముక్కు మొన లోపలికి దూర్చి ఇటూ అటూ ఆడించింది. తల అదురుతోంది, నీళ్లు చిన్నగా కదులుతున్నాయి. కాసేపటికి తల పైకెత్తేసరికి నత్త మాంసం ముక్కులో ఉంది, గుల్ల నీళ్లలోనే ఉండిపోయింది. అది ఎగిరిపోయాక తాత వెళ్లి ఆ గుల్లను వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాదాపు చెక్కుచెదరలేదు, అంచున ఒక గీత తప్ప. లోపల ఖాళీ. "పగలగొట్టడం చాతగాక కాదబ్బయ్యా, దానికి అవసరం లేదు" అన్నాడు.

ఇంకో విషయం, ఆ సందు పుట్టుకతో రాదు. గూట్లో పిల్లల ముక్కులు తిన్నగా, మామూలుగా ఉంటాయి. పెరిగేకొద్దీ సందు ఏర్పడుతుంది. అందుకే పిల్లలకు నత్తల్ని పెద్ద కొంగలే తీసి తేవాలి. తెచ్చి గూటి మధ్యలో కక్కుతాయి, పిల్లలు ఎగబడి ఏరుకుని తింటాయి. పక్క చెట్టు మీద చింతవక్క పిల్లలైతే అంత ఓపిక పట్టవు, తల్లి ముక్కునే అడ్డంగా పట్టుకుని కిందికి గుంజుతాయి. గూడబాతు పిల్ల ఇంకా ఘోరం, తల్లి సంచిలోకి తల, మెడ అన్నీ దూర్చేస్తుంది, చూసేవాళ్లకు మింగేస్తోందేమో అని భయం వేస్తుంది. ఒకే చెరువు, ఒకే గాలి, మూడు రకాల భోజనం. మామ ఈ మూడింటినీ ఒకే రీల్లో తీయాలని చాలా ఏళ్లు తాపత్రయపడ్డాడు.

ఎండ ముదిరాక మేం నీడకు పోయేవాళ్లం, కొంగలకు పోవడానికి వీల్లేదు. తల్లో తండ్రో ఒకటి సూర్యుడికి అడ్డంగా నిలబడి, రెక్కలు సగం విప్పి, పిల్లల మీద నీడ పడేట్టు పట్టుకుని ఉంటుంది. సూర్యుడు కదిలితే అదీ కదులుతుంది. నోరు తెరిచి రొప్పుతూ, తన కాళ్ల మీద తానే రెట్ట వేసుకుంటుంది. ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబడుతుంది. దూరం నుంచి చూసి వాటి కాళ్లే తెల్లగా ఉంటాయనుకునేవాళ్లు చాలామంది. మధ్యాహ్నం వెలుతురులో ఫొటోలు బాగా రావని మామ కెమెరా సర్దేసేవాడు గానీ, నాకు మాత్రం చూడ్డానికి ఆ మధ్యాహ్నాలే బాగుండేవి. ఏమీ జరగనట్టు ఉంటుంది, నిజానికి అన్నిటికన్నా కష్టమైన పని అప్పుడే జరుగుతోంది.

*

మామ కెమెరా నికాన్ ఎఫ్‌ఎం2. అన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే. పక్షుల కోసం మద్రాసులో సెకండ్‌హ్యాండ్ 300 ఎంఎం లెన్సు కొన్నాడు, దాని డబ్బులు ఎక్కడివని అత్త అడిగితే రెండు పెళ్లిళ్ల అడ్వాన్సని చెప్పాడట. రీలుకు 36 ఫొటోలు. స్లైడ్ రీలైతే కడగడానికి మద్రాసు పంపాలి, రావడానికి వారాలు పట్టేది. అందుకే ఒక్కో బటన్ నొక్కుడుకి ముందు ఎంతో లెక్క. కొంగ తెల్లగా ఉంటుంది, వెనక కడప ఆకు ముదురు పచ్చన. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఆ ముదురు రంగును చూసి వెలుతురు చాలదనుకుంటుంది, దాని మాట వింటే కొంగ తెల్లగా మాడిపోతుంది, ఈక మీద ఈక ఉన్నట్టే తెలీదు. ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించాలి. అదే కొంగ ఆకాశం ముందు ఉంటే లెక్క తిరగబడుతుంది, పెంచాలి. "తెలుపు మోసం చేస్తది రా" అనేవాడు మామ. ఈ ఒక్క పాఠం మీదే నేను తర్వాత పదేళ్లు ఉద్యోగం చేశా, ప్రొడక్ట్ ఫొటోగ్రఫీలో, తెల్ల గిన్నెలు తెల్ల గుడ్డ మీద పెట్టి తీస్తూ.

బ్లాక్ అండ్ వైట్ అయితే స్టూడియోలోనే కడిగేవాళ్లం. వెనక గది, కిటికీకి నల్లగుడ్డ, ఎర్ర బల్బు, మూడు ట్రేలు. నా పని కాగితాన్ని పటకారుతో ట్రేలో అటూ ఇటూ కదపడం. తెల్ల కాగితం మీద ముందు చెట్టు కొమ్మలు వచ్చేవి, తర్వాత నల్ల రెక్కల అంచులు, చిట్టచివర కొంగ ఒంటి మీద ఈకల గీతలు. అవి రావడం మొదలుకాగానే మామ "తీసెయ్, తీసెయ్" అని అరిచేవాడు, బొమ్మను నిలిపే మందు హైపోలో వేసేదాకా ఊపిరి పీల్చేవాడు కాదు. చేతులకు హైపో వాసన, చొక్కాకు చెరువు వాసన. అత్త మమ్మల్నిద్దర్నీ బావి దగ్గరే ఆపేసి నీళ్లు గుమ్మరించేది.

మంచి ప్రింట్ ఒకటి తాతకు ఇచ్చేవాళ్లం. ఆయన గోడకు తగిలించేవాడు కాదు. చొక్కా జేబులో మడత పెట్టుకుని తిరిగేవాడు, కట్ట మీదికి ఎవరొచ్చినా తీసి చూపించేవాడు. అలా ఎన్ని ప్రింట్లు నలిగిపోయాయో. ఫొటోలకు అంతకన్నా మంచి వాడకం నేను ఇంతవరకు చూళ్లేదు.

*

"ఇవి సైబీరియా నుంచి వస్తాయంట కదా?" అని కట్ట మీద ప్రతి కుటుంబం అడిగే ప్రశ్న. ఆస్ట్రేలియా అనేవాళ్లూ ఉన్నారు. శీతాకాలంలో ఉత్తరం నుంచి వచ్చే బాతులు మా చెరువుల్లో దిగే మాట నిజమే. కానీ ఈ గూళ్లు కట్టుకునే కొంగలు, గూడబాతులు, కంకణాయిలు (తెల్ల ఐబిస్‌లు), చింతవక్కలు మనవి. ఇక్కడే పుట్టి, ఇక్కడే తిరిగి, ఇక్కడే చస్తాయి. నీళ్లు ఎక్కడుంటే అక్కడికి పోతాయి, అంతే. ఆ తిరగడం కూడా తక్కువేం కాదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కాలికి రింగు వేసిన నత్తగుల్ల కొంగ ఒకటి 800 కిలోమీటర్ల అవతల దొరికింది. థాయ్‌లాండ్‌లో రింగు వేసినది బంగ్లాదేశ్‌లో కనపడింది. విదేశీ అతిథులని బోర్డుల మీద చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అతిథి వెళ్లిపోతే మనకు పట్టదు. ఇంట్లో మనిషి వెళ్లిపోతే వెతుకుతాం.

తాతకు ఈ రింగుల సంగతి నేను చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే మన పిల్ల ఒకటి యాడుందో ఎవురికన్నా తెలుసుంటది" అన్నాడు.

ఆ పిల్ల కథ వేరే ఉంది. గూట్లోంచి పడిన పిల్లను తల్లి మళ్లీ పైకి తీసుకోలేదు, కిందికి దిగి మేత పెట్టదు. నీళ్లలో పడితే మునుగుతుంది, గట్టున పడితే కుక్కకో నక్కకో పోతుంది. గాలివాన తర్వాత తాత పొద్దున్నే చెట్ల మధ్యకు దిగి పడినవాటిని ఏరుకొచ్చేవాడు. ఒకసారి అలా తెచ్చిన నత్తగుల్ల కొంగ పిల్ల షెడ్డులో గంప కింద బతికింది. నత్తల్ని ఆయన సూదిగా చెక్కిన పుల్లతో తీసి పెట్టేవాడు, అచ్చం కొంగ తీసినట్టే, గుల్ల పగలకుండా. నేనూ నేర్చుకున్నా. రెక్కలు వచ్చాక అది షెడ్డు కప్పు మీదికెక్కింది, తర్వాత చెట్ల మీదికి, ఆ తర్వాత గుంపులో కలిసిపోయి ఏది అదో పోల్చుకోలేకపోయాం. చానాళ్లు తాత కప్పు మీద రెండు నత్తలు పెట్టి చూసేవాడు.

*

వానలు ఎగ్గొట్టిన ఏడు కూడా గుర్తుంది. వాయుగుండాలన్నీ ఎటో పోయాయి. చెరువులో నీళ్లు మధ్యలో ఒక మడుగు మాత్రం. పక్షులు వచ్చాయి, చెట్ల మీద వాలాయి, కొన్ని పుల్లలు కూడా పెట్టుకున్నాయి. ధనుర్మాసం వచ్చేసరికి చెట్ల మొదళ్లు బయటపడ్డాయి, బురద నెర్రెలు విచ్చింది. చెట్టు చుట్టూ నీళ్లున్నంత వరకే గూటికి కాపలా. నీళ్లు పోతే నక్కలు, అడవిపిల్లులు మొదలు దాకా నడిచొస్తాయి. తాత రాత్రంతా డబ్బా కొట్టుకుంటూ తిరిగాడు. ఆయన కొడుకులు కంపలు కొట్టుకొచ్చి మొదళ్ల చుట్టూ పేర్చారు. ఐనా గూడబాతులు ఒక్కొక్క గుంపే లేచిపోయాయి. గుడ్లు గూళ్లలోనే ఉండిపోయాయి, కాకులకు పండగ. మామ ఆ ఏడు కెమెరా బయటికి తీయలేదు. నేను తీద్దామంటే, "ఎందుకు రా" అన్నాడు. ఇప్పుడనిపిస్తుంది, తీసి ఉండాల్సిందని. నిండు చెరువు ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి.

రైతులకూ దెబ్బే. నేలపట్టు చెరువు నీళ్లు మామూలు నీళ్లు కావు, వేల పక్షుల రెట్ట కలిసిన నీళ్లు, పారిన మడికి ఎరువు ఖర్చు తగ్గుతుంది. తాతకు ఆ చెరువు కింద కొంచెం పొలం ఉండేది. పక్షుల్ని ఎందుకు అంత చూసుకుంటావని అడిగితే పుణ్యం, ప్రేమ అని ఎప్పుడూ అనలేదు. "వాటికి నా చెట్టు కావాల, నాకు వాటి నీళ్లు కావాల" అనేవాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చాలా నచ్చుతుంది.

ఉద్యోగంలో పడ్డాక పాత రికార్డులు చదవడం మొదలుపెట్టా. 1902లో కడప జిల్లా బూచుపల్లెలో రీనియస్ అనే ఆయన గూడబాతుల పెద్ద కాలనీ ఒకటి చూశాడు, ఎర్రకాళ్ల కొంగలతో కలిసి గూళ్లు పెట్టుకున్నాయని రాశాడు. ఆ కాలనీ మళ్లీ ఎవరికీ దొరకలేదు. కొల్లేటిలో 1946లో పక్షుల పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ చూసిన కాలనీలో దాదాపు 3,000 గూడబాతులు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. 1975 ప్రాంతానికి అది లేకుండా పోయింది. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో ఇప్పుడు మళ్లీ గూడబాతులున్నాయి, అటవీశాఖ వాళ్లు పెట్టిన ఇనప స్టాండ్ల మీద కూడా గూళ్లు కడుతున్నాయి, అది సంతోషమే. కానీ ఆ నడిమి ఏళ్ల సంగతి తలుచుకుంటే గుండె జారుతుంది. మూడు వేల పక్షులంటే చిన్న విషయమా? ఆ చప్పుడు, ఆ వాసన, ఆ రెక్కల గాలి ఒక ఊరి మీద నుంచి లేచిపోతే ఊరికి తెలియకుండా ఉంటుందా?

ఇదంతా తాతకు చెప్పా. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "మరి ఆ ఊరోళ్లు ఏం చేస్తా ఉన్నారబ్బయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. రికార్డుల్లో పక్షుల లెక్కలున్నాయి, చూసిన దొరల పేర్లున్నాయి. బూచుపల్లెలో చెట్టు కింద కాపలా ఉన్న మనిషి గురించి ఒక్క ముక్క నాకు దొరకలేదు. తాత గురించి ఇంత పొడుగున రాయడానికి అసలు కారణం ఇదే.

*

2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలయ్యాక నేలపట్టు పేరు బాగా పాకింది. బస్సులు వేశారు, స్కూలు పిల్లలు వరసగా వచ్చారు, టవర్ ఎక్కడానికి క్యూలు. నాకు అది ఇష్టమే. మా తరంలో సూళ్లూరుపేటలో పుట్టి నేలపట్టు చూడనివాళ్లు ఎంతోమంది. షార్ నుంచి రాకెట్ పోతే డాబా ఎక్కి చూస్తాం గానీ, పక్కనున్న చెరువుకు పోయేవాళ్లం కాదు. పిల్లలు బైనాక్యులర్స్‌లోంచి మొదటిసారి గూట్లో పిల్లను చూసి వేసే కేక ఉంటుంది చూడండి, దానికోసం ఎంత గోలైనా భరించొచ్చు.

భరించలేనిది వేరే ఉంది. పొడుగు లెన్సులతో వచ్చి, పక్షులు ఎగిరే ఫొటో కావాలని చప్పట్లు కొట్టేవాళ్లు. తాత మామూలుగా ఎవరినీ ఒక్క మాట అనడు. అలాంటప్పుడు మాత్రం చింతబరికె పట్టుకుని లేచేవాడు. గూటి మీది నుంచి తల్లి లేచిన మరుక్షణం కాకి దిగుతుంది, గుడ్డు పోతుంది. కాకి రాకపోయినా ఎండ ఉంది, ఈకలు రాని పిల్ల నీడ లేకుండా ఎక్కువసేపు తట్టుకోలేదు. ఆ ఎగిరే ఫొటో వెనక అదంతా ఉంటుంది. పక్షి తనంతట తాను లేచేదాకా కూర్చోండి. లేస్తుంది. మేతకు పోవాలి కదా, ఎందుకు లేవదు? మామ, నేను ఎన్నో సంక్రాంతులు అలాగే కూర్చున్నాం, మాకేం తక్కువ కాలేదు.

*

పెద్దకర్మ రోజు సాయంత్రం తాత కొడుకు నన్ను వెతుక్కుంటూ కట్ట మీదికి వచ్చాడు. ఫోన్లో నేను స్కాన్ చేసి పెట్టుకున్న పాత స్లైడ్లు చూపించా. మామ వాటి మీద పెన్సిల్‌తో "నేలపట్టు, మంచి వెలుతురు" అని తప్ప ఏమీ రాయలేదు. తేదీ లేదు, సంవత్సరం లేదు. అతను ఒక్కోదాన్నీ వేళ్లతో పెద్దది చేసి చూశాడు. పక్షుల్ని కాదు, చెట్లను. "ఇది తూము కాడి చెట్టన్నా, నేను ఏడో తరగతిలో ఉండంగా పడిపోయింది. ఇదిగో, ఈ వంకర కొమ్మ ఇప్పటికీ ఉంది, సూడు" అని చెరువులోకి చెయ్యి చూపించాడు. నిజంగానే ఉంది. దాని మీద అప్పుడు చింతవక్కలుంటే ఇప్పుడు కంకణాయిలున్నాయి.

అలా చీకటి పడేదాకా చాలా స్లైడ్లకు ఏళ్లు పట్టేశాం. ఫలానా చెట్టు పడకముందు, ఫలానా తుఫాను తర్వాత, కట్ట ఎత్తు పెంచకముందు. ఇంకా రెండు పెట్టెలు స్కాన్ చేయాల్సి ఉంది. ధనుర్మాసంలో మళ్లీ వస్తానని, అప్పుడు ప్రతి ఫొటో తీసిన చోటే నిలబడి కొత్తది తీద్దామని అనుకున్నాం. తను సెలవు పెడతానన్నాడు. తూము దగ్గర మొదలుపెట్టాలట, పొద్దున వెలుతురు అక్కడే ముందు పడుతుందట.